కొళాయి రోజు కొలత

నేను ఒక కొలజాడీని. నాలో లీటరు నీళ్లు పడతాయి. ఒంటినిండా తెల్ల గీతలు, పక్కన అంకెలు. నన్ను తయారుచేసిన గాజుబట్టీ మనిషి నన్ను వెలుతురుకు ఎత్తి చూసి, "ఒక్క బుడగ కూడా లేదు" అని మురిసిపోయాడు. పోసింది పోసినట్టు చూపించడమే నా పుట్టుక. ఈ గుణంతో మనుషుల మధ్య బతకడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలియదు.

నన్ను పెద్దరాచూరు మురుగునీటి శుద్ధి కేంద్రానికి పంపారు. ఊరు వాడి పారబోసిన నీళ్లన్నీ అక్కడికే చేరతాయి. పెద్ద తొట్టిలో నాలుగు గాలిచక్రాలు ఆ నీళ్లను చిలకాలి. అప్పుడే కంటికి కనపడని సూక్ష్మజీవులు గాలి పీల్చుకుని మురికిని తింటాయి. మడ్డి అడుక్కి దిగుతుంది, తేటనీరు ఎర్రవంక అనే వాగులోకి పోతుంది. నేను వచ్చేసరికే రెండు చక్రాలు ఆగిపోయి ఉన్నాయి. వాటి మీద కొంగలు కాపురం పెట్టాయి.

కేంద్రం నడిపే ఓబులేసు పొద్దున్నే స్నానం చేసి, నామం పెట్టుకుని, తొట్టి నీళ్లతో నన్ను నింపి అరుగు మీద పెట్టేవాడు. అరగంటకు మడ్డి ఏ గీత దాకా దిగిందో చూసి పుస్తకంలో రాసేవాడు. ఆయుధపూజ రోజు నాకూ బొట్టు పెట్టేవాడు.

"మురుగు కొలిచేదానికి పూజేందప్పా?" అని వాచ్‌మన్ నవ్వితే, "ఈ నీళ్లే కదన్నా రేపు ఒకరి నోట్లోకి పొయ్యేది" అనేవాడు.

ఆ మాట ఊరికే అన్నది కాదు. కేంద్రం ఊడ్చే సుంకమ్మది వంక దిగువనున్న వంకమిట్ట. అక్కడి అరవై ఇళ్లవాళ్లూ వంక ఇసుకలో చెలమలు తవ్వుకుని ఆ నీళ్లే తాగుతారు.

"ఓబులేసన్నా, చెలమలో నురగ తేలతాంది. మా మనవరాలికి మళ్లా వాంతులు" అనేదామె చీపురు పక్కన పెట్టి.

"రెండు చక్రాలతో ఇంత మురుగు ఎట్ల తేటపడుతుందమ్మా? మరమ్మతు చేయించండని రాసి రాసి నా చెయ్యి పడిపోయింది."

చివరికి, కేంద్రాన్ని పరీక్షించి ఏమేం బాగుచేయాలో చెప్పడానికి ఇంజనీర్ల బృందం వస్తోందని కబురొచ్చింది. ఓబులేసు ఆనందంగా వెంకన్నకు కొబ్బరికాయ కొట్టాడు. బృందానికి పెద్ద భార్గవ. మూడు రోజులకోసారి, అయిదుసార్లు మురుగు పట్టి పరీక్షించాలని పథకం వేసుకొచ్చాడు.

పెద్దరాచూరులో కొళాయి వచ్చేదీ మూడు రోజులకోసారే. ఆ పొద్దున ప్రతి ఇల్లాలూ డ్రమ్ముల్లో, బిందెల్లో మిగిలిన నీళ్లు కాలువలోకి పారబోసి, తోమి, కొత్తనీళ్లు పడుతుంది. ఆ పూట మురుగు నీళ్లమజ్జిగలా పలచబడుతుంది. భార్గవ బృందం మొదటిసారి దిగింది సరిగ్గా కొళాయి రోజునే. గెస్ట్‌హౌసులో కూడా ఆ రోజే నీళ్లు వస్తాయి మరి. తర్వాత నాలుగుసార్లూ అదే వరస.

"సార్, రేపు గూడ ఒకసారి పట్టండి. ఈ పొద్దు కొళాయి దినం సార్, ఊరంతా పాతనీళ్లు పారబోస్తాది" అన్నాడు ఓబులేసు.

భార్గవ నవ్వాడు. "మూడు రోజుల కిందట పట్టిన మంచినీళ్లు పాతనీళ్లెలా అయ్యాయయ్యా?"

"పాతనీళ్ల మీద కొత్తనీళ్లు పట్టనీరు సార్ మా ఆడోళ్లు."

"పథకం మార్చడం కుదరదు. అయినా రేపు గెస్ట్‌హౌసులో మాకు స్నానానికి నీళ్లెక్కడివి?"

వాళ్ల చదువును నేను తక్కువ చేయను. కానీ ఒక ఊరి నీళ్లు కొలవడానికి వచ్చినవాళ్లు, ఆ ఊరికి నీళ్లు ఎప్పుడొస్తాయో అడగక్కర్లేదా? దేవుడు నీటికి ఎగువా దిగువా పెట్టాడు. దిగువవాళ్లను మరిచిపొమ్మని కూడా ఎగువవాళ్లకు చెప్పాడా?

రెండు వందల పేజీల నివేదిక వచ్చింది. ఈ ఊరి మురుగు పలచన, దీనికి రెండు చక్రాలు చాలు, ఆగిపోయిన రెండూ పీకేయవచ్చని తేల్చారు. ఇక అభివృద్ధి కింద కొత్త గేటు, పచ్చిక, అక్షరాలు పరిగెత్తే బోర్డు. చక్రాలు ఎత్తడానికి సోమవారం క్రేను వస్తుందన్నారు. నాకు గుండె ఉంటే ఆ రోజే పగిలేది.

ఆదివారం సుంకమ్మ వచ్చింది. "ఆ జాడీ ఇయ్యన్నా."

"అది గవర్నమెంటు సామానమ్మా."

"మా కడుపులు ఎవరి సామాను?"

ఓబులేసు నన్ను తన తువ్వాలులో చుట్టి ఆమె చేతుల్లో పెట్టాడు.

సోమవారం కొళాయి రోజు కాదు. తెల్లవారగానే సుంకమ్మ చెలమ నీళ్లతో నన్ను నింపి, పదిమంది ఆడవాళ్లతో మునిసిపల్ ఆఫీసుకు నడిచి, ఇంజనీరు సుదర్శనం బల్ల మీద పెట్టింది. నాలో నల్లటి నీళ్లు, పైన నురగ.

"ఏంటమ్మా ఈ మురుగు? తీసెయ్, తీసెయ్!" అన్నాడాయన ముక్కు మూసుకుని.

"మురుగు కాదు సార్, మా చెలమ నీళ్లు. పొద్దున బువ్వ వండింది వీటితోనే."

ఆయన చెయ్యి ముక్కు మీదే ఉండిపోయింది.

"మీ పరీక్ష సార్లు వచ్చినవన్నీ కొళాయి దినాలే. ఇట్లాంటి దినం ఒక్కటన్నా వచ్చినారేమో ఆ పుస్తకంలో చూడండి."

సుదర్శనం నివేదిక తీశాడు. తారీఖులు ఒక్కొక్కటే కొళాయి పట్టికతో సరిచూశాడు. అయిదోదాని దగ్గర వేలు ఆగింది. ఫోను తీసి క్రేనును వెనక్కి పంపమన్నాడు.

భార్గవ మళ్లీ వచ్చి వరసగా ఆరు రోజులు నీళ్లు పట్టాడు. స్నానానికి ట్యాంకరు కోసం క్యూలో నిలబడ్డాడట. నాలుగు చక్రాలూ తిరగాల్సిందేనని ఈసారి రాశాడు. అయ్యో, పొరబడ్డానన్న మాట మాత్రం ఆ పుస్తకంలో ఎక్కడా లేదు.

"ఇంక ఈ జాడీ తీసుకెళ్లమ్మా" అన్నాడు సుదర్శనం.

"నాలుగూ తిరిగిన దినం నేనే వచ్చి కడిగి తీసకపోతా సార్. అందాకా ఈడనే ఉండనీ."

ఏడాదైంది. ఓబులేసు ఒక సీసా మీద గీతలు గీసుకుని పని నడుపుకుంటున్నాడు. నేను ఈ బల్ల మీదే, అవే నీళ్లతో ఉన్నాను. వచ్చిన ప్రతి అధికారీ నన్ను బయట పెట్టించమంటాడు. సుదర్శనం తల వంచుకుని, "ఉండనీయండి సార్" అంటాడు. నాకూ శుభ్రంగా ఉండాలనే ఉంటుంది, గాజుపుట్టుక కదా!

చక్రాలు మూడు తిరుగుతున్నాయి. నన్నింకా ఎవరూ కడగలేదు.