బొమ్మ గుండెలో నా కాపురం

నేను ఒక మొబైల్ ఫోన్‌ని. సిమ్ లేదు, వెనక మూత లేదు, అద్దం మీద ఈ మూల నుంచి ఆ మూలకి పగులు. అయ్యో పాపం అని చార్జరు పట్టుకొచ్చేరు, వద్దు. నేను హాయిగానే ఉన్నాను. మీ ఇళ్లలో పాత ఫోన్లు సొరుగుల్లో, తెగిన వైర్ల మధ్య, ఏ తాళానికీ పట్టని చెవుల పక్కన పడి ఉంటాయి. నా కాపురం మాత్రం గుండెలో. మనిషి గుండెలో కాదు లెండి, బట్టల కొట్టు బొమ్మ గుండెలో.

ఈ బొమ్మ ఒకప్పుడు మెయిన్ రోడ్డు మీద పట్టుచీర కట్టుకుని నిలబడి దారినపోయే ఆడవాళ్లందరినీ ఊరించింది. ఇప్పుడు సముద్రానికి దగ్గర్లో ఉన్న ఓ సర్కారు మెడికల్ కాలేజీలో ఇనప మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంటుంది. ఎడమ రొమ్ము కింద కోసి, లోపల స్పాంజి కుక్కి, ఆ స్పాంజి మధ్యలో నన్ను పెట్టారు. విద్యార్థులు వచ్చి బొమ్మ మీద స్టెతస్కోపు ఆనిస్తే లోపల గుండె కొట్టుకుంటుంది. ఆ చప్పుడు నాదీ కాదు, బొమ్మదీ కాదు. ధనాలు అనే ఆవిడది. ఆవిడ సంగతి చెప్పడానికే ఈ సోదంతా.

నేను పుట్టింది ఒక పెద్ద కార్ఖానాలో. నీలం కోట్లు తొడుక్కున్న ఆడపిల్లలు వరసగా కూర్చుని నాకు పార్టులు బిగించారు. చివర్లో నా మైకు పనిచేస్తోందో లేదో చూడటానికి ఒకమ్మాయి నోరు దగ్గరగా పెట్టి "హలో, హలో, అన్నం తిన్నావా?" అంది. నేను ఆ మాటని ఉన్నదున్నట్టు తిరిగి వినిపించాను. దాంతో నాకు వినికిడి బాగుందని చీటీ అంటించి డబ్బాలో పెట్టేశారు. మనుషులకి అలాంటి చీటీ ఎవరూ అంటించరనుకుంటాను. చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

నన్ను కొన్నది సత్యవాణి మేడం. జనరల్ మెడిసిన్ ప్రొఫెసరు. కొనడమైతే కొన్నారు గానీ ఫోన్లంటే ఆవిడకి అస్సలు గిట్టేది కాదు. వార్డు రౌండ్స్‌లో ఏ విద్యార్థి ఫోనైనా మోగిందా, లాక్కుని రోగి తలగడ కింద పెట్టేసేవారు. "మీ వాడు ఎలాగూ ఇక్కడ నిలబడడు, కనీసం నువ్వైనా పేషెంటు దగ్గర ఉండు" అని ఫోనుతోనే చెప్పేవారు. పిల్లలు నవ్వాపుకోలేక చచ్చేవారు. ఫోను పోయినవాడు మాత్రం ఆ రోగి మంచం దగ్గరే కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ, చివరికి ఆ రోగితో రెండు మాటలు మాట్లాడేవాడు. మేడంకి కావలసింది అదే.

ఇంతలో కరోనా వచ్చింది. కాలేజీ మూసేశారు. పిల్లలంతా ఊళ్లకి పోయారు, క్లాసులన్నీ నాలోకి వచ్చిపడ్డాయి. అబ్బబ్బ, ఏం క్లాసులండీ అవి! మేడం గుండె జబ్బుల గురించి చెబుతుంటే ఒకడి ఇంట్లో మిక్సీ తిరిగేది, ఇంకొకడి ఇంట్లో గేదె అరిచేది. "మేడమ్, మీ వాయిస్ కట్ అవుతోంది" అనేవాళ్లే తప్ప, అర్థమైంది అన్న పాపాన పోయినవాడు లేడు. పాఠమైతే చెప్పొచ్చు, గుండె చప్పుడు ఎలా చెబుతారు? అది చెవికి ఎక్కవలసిన విద్య.

ఒకరోజు మేడం తన పాత స్టెతస్కోపు గొట్టాన్ని కత్తెరతో కసుక్కున కోశారు. కోసిన చివరని నా మైకు మీద ఆనించి, గాయానికి కట్టు కట్టినట్టు చుట్టూ ప్లాస్టర్ వేశారు. "ఒరేయ్, ఇవాళ్టి నుంచి నువ్వు కూడా నా స్టూడెంటువే. సరిగ్గా విను" అన్నారు. ఆ మాటకి నేనెంత పొంగిపోయానో చెప్పలేను. రోగుల్ని అడిగి, వాళ్లు సరేనన్నాకే నన్ను వాళ్ల గుండె దగ్గరికి తీసుకెళ్లేవారు.

మొదట ఒక ముసలావిడ. ఆవిడ గుండెలో మైట్రల్ కవాటం, అంటే రెండు గదుల మధ్య ఉండే తలుపు, బిగుసుకుపోయి సరిగా తెరుచుకోదు. అందుకే ఆవిడకి పడుకుంటే ఆయాసం, లేచి కూర్చుంటే నయం. ఆ ఇరుకులోంచి రక్తం వెళ్తుంటే తిరగలి తిప్పినట్టు గుర్రుమని సన్నటి చప్పుడు. నేను దాన్ని పట్టుకుంటున్నంతలో పక్క మంచం మీంచి చెంచా ఖంగున కిందపడింది. రెండోది అయోర్టిక్ కవాటం పాడైన ఒక పెద్దమనిషిది. అప్పుడే వరండాలో ఎవరి చంటివాడో గుక్కపట్టి ఏడ్చాడు. మూడోది ఏ జబ్బూ లేని నర్సమ్మ గుండె. దానికి తోడు నెత్తిమీద ఫ్యాను కిర్రు కిర్రుమని ఒకటే గోల. మళ్లీ రికార్డు చేద్దామా అనుకున్నారు మేడం, అంతలోనే మానుకున్నారు. "వార్డంటే ఇలాగే ఉంటుంది. అలవాటు పడనీ" అని పిల్లల వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు.

నా గొప్ప నేను చెప్పుకోకూడదు గానీ, చెప్పుకుంటాను. వార్డులో మంచం చుట్టూ అంతమంది మూగితే ముందున్న నలుగురికే రోగి దొరుకుతాడు. వెనకవాళ్లు ముందువాళ్ల వీపులు చూసి వెళ్లిపోతారు. అలాంటి పిల్లలు నా పుణ్యమాని మొట్టమొదటిసారి గుండె విన్నారు. డాబాల మీద సిగ్నల్ వెతుక్కుంటూ విన్నారు, అర్థంకాకపోతే వెనక్కి తిప్పి విన్నారు, ఎవరూ విసుక్కోలేదు. మేడం గ్రూపులో ఆ రికార్డింగులతోనే పరీక్ష పెడితే అందరికీ మంచి మార్కులు వచ్చాయి. మౌళి అనే కుర్రాడికైతే ఒక్కటీ తప్పు పోలేదు.

మౌళి చురుకైనవాడు, మంచివాడు. కాకపోతే ఎప్పుడు చూసినా తొందర, కాళ్లకింద నిప్పులున్నట్టు. కాలేజీ తెరిచి, వాడు చివరి పరీక్షలు పాసై హౌస్‌సర్జన్ అయ్యేసరికి మేడం నన్ను వాడి చేతిలో పెట్టారు. "ఇందులో గుండెలున్నాయి, జాగ్రత్త. జూనియర్లకి వినిపించు" అన్నారు. అలా నేను వాడి తెల్లకోటు జేబులోకి మారాను.

జేబులోకి వచ్చాక గానీ నాకు అసలు సంగతి తెలియలేదు. హాస్టల్లో ఒక పాట నడుస్తోంది. కట్టినవాడు సాక్షాత్తూ మౌళే.

"చెంచా పడితే మైట్రల్, చంటోడేడిస్తే అయోర్టిక్, ఫ్యాను కిర్రుమంటే అంతా నార్మల్!"

టిఫిన్ చేస్తూ పాడేవారు, స్నానాలు చేస్తూ పాడేవారు. జూనియర్లకి నేర్పేవారు. మంచి మార్కుల గుట్టు అదన్నమాట. నేనేం చేయను? నాకు వినడం వచ్చు, విన్నది చెప్పడం వచ్చు. పాట తప్పురా నాయనా అని చెప్పడం నాకు రాదు.

అలా ఉండగా ఒక సోమవారం ఓపీకి ధనాలు వచ్చింది. చీటీ మీద ధనలక్ష్మి అని ఉంటుంది, ఇంట్లో ధనాలు. జీడిపప్పు బట్టీలో పిక్కలు కొట్టే పని. ఆ జీడి రసానికి వేళ్ల చివర్లు నల్లబడి ఉన్నాయి. ఆరో నెల, తొలిచూలు. కూర్చోవడమే ఆయాసపడుతూ కూర్చుంది. బయట జనం, లోపల జనం, మౌళి బల్ల చుట్టూ చీటీలు పట్టుకున్న చేతులు.

వాడు స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకున్నాడు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది.

"బాబూ, రేత్రిళ్లు తొంగుంటే..."

"మాట్లాడకండమ్మా. గుండె వినాలి."

ఆవిడ గొంతు తగ్గించింది గానీ ఆపలేదు. పాపం, డాక్టరు తన వైపే వంగి ఉన్నాడు కదా, వింటున్నాడనే అనుకుంది. వాడి చెవులకి గొట్టాలున్నాయి. జేబులో ఉన్న నాకు ప్రతి మాటా వినపడింది. పైన ఓపీ ఫ్యాను తిరుగుతోంది, కిర్రు కిర్రుమని.

"గుండె బాగానే ఉందమ్మా. రక్తం తక్కువగా ఉంది, అందుకే ఈ ఆయాసం. మాత్రలు రాస్తున్నాను" అన్నాడు మౌళి. నిజానికి రక్తం తక్కువే, అబద్ధమేం కాదు. ధనాలు గుమ్మం దాకా వెళ్లి ఒకసారి వెనక్కి తిరిగింది. అప్పటికే ఆ స్టూలు మీద ఇంకొకరు కూర్చున్నారు.

ఆ వారం తిరక్కుండానే ఆవిణ్ణి ఆటోలో తీసుకొచ్చారు. పడుకోలేదు, కూర్చోలేదు. అత్తగారి భుజం పట్టుకుని ఊపిరి కోసం ఎగబీలుస్తోంది, నోటి వెంట నురగ. మౌళి పరుగెత్తాడు. ఆ పరుగులోనే నేను జేబులోంచి ఎగిరి గచ్చు మీద పడ్డాను. ఈ పగులు ఆనాటిదే. ఎవరో నన్ను తీసి ఆక్సిజన్ సిలిండరు పక్కన బల్ల మీద పెట్టారు. అక్కణ్ణుంచి అంతా చూశాను. ఇద్దరి ప్రాణాలు ఊగిసలాడుతున్నాయి, ఒకటి ఇంకా లోకమే చూడనిది. ఇంజెక్షన్ల మీద ఇంజెక్షన్లు ఇచ్చారు. నాకు చాలా భయమేసింది. ఫోనుకి భయమేమిటంటారా? వేసింది, అంతే.

మధ్యాహ్నానికి ఊపిరి కాస్త నెమ్మదించింది. సత్యవాణి మేడం ధనాలుని మెల్లగా ఎడమ పక్కకి ఒరిగించి, కళ్లు మూసుకుని విన్నారు. తర్వాత స్టెతస్కోపు తీసి మౌళి చేతికిచ్చారు. వాడు విన్నాడు. తిరగలి తిరుగుతోంది.

మేడం నన్నూ చేతిలోకి తీసుకుని, వాణ్ణి వరండాలోకి తీసుకెళ్లి అడిగారు. "ఇంత స్పష్టంగా ఉంటే ఓపీలో ఎలా వదిలేశావురా? పరీక్షలో ఒక్కటి తప్పు పోలేదు కదా నీకు?"

"చెంచా పడలేదు మేడమ్" అన్నాడు వాడు.

ఆవిడకి అర్థం కాలేదు. వాడు తలొంచుకుని పాటంతా చెప్పాడు. పాడలేదు, అప్పజెప్పాడు. మేడం అక్కడున్న బల్ల మీద కూలబడ్డారు.

"గుండె వినమని ఇస్తే, వార్డు విన్నార్రా మీరు?"

తిట్టలేదు. తిడితే బాగుండునని మౌళి అనుకున్నాడని నా నమ్మకం.

ధనాలుని విశాఖ పంపాలి, అంబులెన్సు కోసం చూస్తున్నారు. మేడం నన్ను పట్టుకుని ఆవిడ పక్కన కూర్చున్నారు. "నీ గుండె చప్పుడు ఇందులో పట్టుకుంటానమ్మా, పిల్లలకి నేర్పడానికి. నీకు ఇష్టమేనా?"

"నాను పోతే అదైనా ఉంతాదేటమ్మా?"

"నువ్వూ ఉంటావు, అదీ ఉంటుంది" అన్నారు మేడం. ఆ మాట అంటూనే నన్ను ధనాలు గుండె దగ్గరికి తెచ్చి రికార్డింగు నొక్కారు.

విశాఖలో తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, గుండెలోని తలుపు దగ్గర చిన్న బుడగని ఊది, ఇరుకుని వెడల్పు చేశారట. మౌళి రోజూ నాతోనే ఆవిడ అత్తగారికి ఫోన్ చేసి కనుక్కునేవాడు. మొదట్లో ఆవిడ "డాక్టరు బాబూ" అనేది. పోనుపోను "నువ్వు తిన్నావేటి నాయనా?" అని అడగడం మొదలుపెట్టింది. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. ఆ కబురు విన్న రోజు వాడు మెట్ల కింద నిలబడి ఏడ్చాడు.

మేడం మొదట ఫోన్లన్నీ తీసుకెళ్లి సముద్రంలో పారేస్తానన్నారు. కోపం తగ్గాక అది ఫోను తప్పు కాదని ఆవిడే అన్నారు. గురుశిష్యులిద్దరూ కలిసి ఈ బొమ్మని తెచ్చారు. ధనాలు గుండెచప్పుడు ఒక్కటే, కానీ వెనక గోల మాత్రం పూటకోరకంగా మార్చి పెట్టారు. ఒకసారి చెంచా, ఒకసారి ఫ్యాను, ఒకసారి ఏమీ ఉండదు. పాట కట్టుకోండిరా చూద్దాం అన్నారు. మేడం రిటైరయ్యారు. మౌళి ఇక్కడే పై చదువు చదువుతూ ఇప్పుడు జూనియర్లకి పాఠం చెబుతున్నాడు.

మొన్నీమధ్య ధనాలు చెకప్‌కి వచ్చింది, నడక నేర్చిన కూతుర్ని వెంటబెట్టుకుని. మౌళి ఆవిణ్ణి సంబరంగా బొమ్మ దగ్గరికి తీసుకొచ్చి స్టెతస్కోపు ఆవిడ చెవులకి పెట్టాడు. ఆవిడ నా మీదకి వంగింది. కాసేపు ఊపిరి బిగబట్టి విని, గొట్టాలు తీసేసింది.

"ఇదా నన్ను సంపేద్దామనుకున్నాది?"

"ఇదేనమ్మా."

"ఇంత సప్పుడు సేత్తంది గదా, దీనికి ఆయాసం రాదేటి బాబూ?"

"రాదమ్మా, బొమ్మ కదా."

"మాటాడదా?"

"మాట్లాడదు."

ధనాలు నవ్వింది. "నాను మాటాడితే మీరు ఇన్నారేటి?" అంది. కోపంగా కాదు, ఇంట్లో మరిదినో తమ్ముణ్ణో దెప్పినట్టు అంది. మౌళి మాత్రం నవ్వలేకపోయాడు. బొమ్మ రొమ్ము తెరిచి నన్ను బయటికి తీశాడు. రికార్డింగు నొక్కాడు. తన మెడలో ఉన్న స్టెతస్కోపు కూడా తీసి పక్కన పెట్టాడు.

"ఆ రోజు ఏం చెప్పారో, మళ్లీ చెప్పండమ్మా" అన్నాడు.

ఆవిడ చెప్పింది. నాకు తెలిసిన మాటలే. ఆనాడు జేబులోంచి విన్నవే, ఒక్క ముక్క అటూ ఇటూ లేదు.

ఇప్పుడు ఎవరు వచ్చి బొమ్మ పక్కనున్న మీట నొక్కినా ముందు గుండె కొట్టుకోదు. ముందు ధనాలు మాట్లాడుతుంది. చెవుల్లో గొట్టాలున్నవాళ్లకి సరిగా వినపడదు, తీయాల్సిందే. నిన్న ఒక కొత్తమ్మాయి విసుగ్గా తీసింది, తీసి అలాగే నిలబడిపోయింది.

"రేత్రిళ్లు తొంగుంటే ఊపిరాడదు బాబూ. కూకునే నిద్దరోతన్నాను. నాకేటైనా పరవాలేదు, కడుపులో గుంటకి ఏటీ అవ్వదు గదా?"

ఆ మాట ముగుస్తుండగా వెనకాల ఓ పసిపిల్ల కిలకిలా నవ్వడం వినిపిస్తుంది. అది కూడా వార్డు గోలే. దాన్ని మాత్రం పాటలో కట్టుకుంటామంటే నాకేం అభ్యంతరం లేదు.