రాచ్చిప్ప పగ

నేను ఒక రాచ్చిప్పను. పులుసు కాచుకునే రాతి గిన్నెను. ప్రస్తుతం పులుసు కాచే స్థితిలో లేను, రెండు ముక్కలై ఉన్నాను. ఎలా ముక్కలయ్యానో చెబుతాను. అదేదో ప్రమాదమని మాత్రం అనుకోకండి.

నా పుట్టుక కొండలో. బలపపు రాయి మెత్తన కదా అని మనుషులు మమ్మల్ని ఇష్టం వచ్చినట్టు తొలుస్తారు. నన్ను తొలిచినవాడు బీడీ కాలుస్తూ, ఉలి ఆడిస్తూ, నా అన్నదమ్ముల్లో సగంమందిని పగలగొట్టి పారేశాడు. మిగిలిన నన్ను ఒక తీర్థం సంతలో ఓ పెద్దావిడ కొనుక్కుంది. గంజిలో నానబెట్టి, పసుపూ నూనే రాసి, సన్న సెగ మీద కాచి కాచి నాకు నిప్పు అలవాటు చేసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి నా కడుపులో పులుసు మరిగింది. పొయ్యి మీంచి దించాక కూడా నాలో పులుసు చాలాసేపు కుతకుతమంటూనే ఉంటుంది. వేడి పట్టానంటే తొందరగా వదలను. కోపమూ అంతే.

పెద్దావిడ పోయాక ఆమె కోడలు హైమావతి చేతికి వచ్చాను. హైమావతి విజయనగరంలో టెలిఫోన్ ఆఫీసులో పనిచేసేది. పొద్దున్నే కుక్కరు పెట్టి పరిగెత్తే మనిషికి రాతి గిన్నెతో ఏం పని? అటకెక్కాను. వాళ్లు అపార్టుమెంటు కొనుక్కుని రెండో అంతస్తుకి మారితే, నేనూ కొత్త అటకకి మారాను.

ఉద్యోగం అయిపోయిన ఏడాదే హైమావతికి వెన్నుపూస ఆపరేషన్ అయింది. నెలల తరబడి మంచం. అప్పుడు ఆమె భర్త శేషగిరి నన్ను కిందికి దించి, మందుబిళ్లలు వేసి మంచం పక్కన స్టూలు మీద పెట్టాడు. పులుసు గిన్నెలో మందుబిళ్లలు! మనుషులు దేన్నైనా దేనికైనా వాడతారు.

ఆ గదికి ఒకటే కిటికీ. ఆ కిటికీ నిండా కానుగ చెట్టు. లేచి కూర్చోలేని మనిషికి అదే ఊరు, అదే లోకం. కొత్త ఆకు తొడిగితే గది గోడలు కూడా పచ్చగా కనబడేవి. పూలు రాలితే కింద పేలాలు ఒలికినట్టుండేది. "ఆ ఎండిందనుకున్న కొమ్మ కూడా చిగిర్చిందండీ" అని ఆమె భర్తతో అన్న రోజునే గంజి వద్దని అన్నం అడిగింది. ఆ చెట్టు ఆమెను లేపి కూర్చోబెట్టింది. డాక్టరు తన మందులు లేపాయనుకున్నాడు. మందులు నాలోనే కదా ఉండేవి, సగం బిళ్లలు వేసుకోనేలేదని నాకు తెలుసు.

ఆమె నడవగలిగాక ఒకరోజు మొగుడూ పెళ్లాలు పరీక్షలకని విశాఖపట్నం వెళ్లారు. సాయంత్రం తిరిగి వచ్చేసరికి చెట్టు లేదు. మొదలు మాత్రం ఉంది, దాని పక్కన కొత్త తెల్ల కారు ఉంది. ఆ కారు కింది ఫ్లాటులో ఉండే అసోసియేషన్ సెక్రటరీ గోవర్ధనరావుది.

"ఎందుకు కొట్టించారండీ?" అని అడిగింది హైమావతి.

"ఆకులు, పూలు, జిగురు. కారు పాడైపోతోందండీ."

"ఆకులు రాలాయనా?"

"చెట్టే కదండీ. కుండీల్లో నాలుగు క్రోటన్లు పెట్టిస్తాను, మీకూ చూసుకోడానికి బాగుంటాయి."

హైమావతి మెట్లెక్కి వచ్చి, మందుబిళ్లలు మంచం మీద గుమ్మరించి, నన్ను కడిగి, నిండా నీళ్లు పోసి బాల్కనీ గోడ మీద పెట్టింది. ఎక్కడ పడితే అక్కడ కాదు. వంగి చూసి, ఇటు జరిపి, మళ్లీ చూసి, సరిగ్గా కారుకి నిలువుగా. నా పక్కన గుప్పెడు నూకలు పోసింది.

మొదట కాకి వచ్చింది. వెనకాలే గోరింకలు. నీళ్లు తాగాయి, నూకలు తిన్నాయి, ఆ తర్వాత ఏ పిట్టైనా చేసే పని చేశాయి. తెల్ల కారు కాస్తా తెల్లా నల్లా కలిసిన కారయింది. హైమావతి ముఖంలో ఎన్నో నెలల తర్వాత నవ్వు చూశాను. మంచి నవ్వు కాదది. నాకు నచ్చింది.

పగ తీర్చుకోవడమూ ఒక చదువే. ఏ పిట్ట ఏ వేళకి వస్తుంది, ఎక్కడ వాలుతుంది, ఏం తింటే ఎంత మరక పడుతుంది, ఇవన్నీ తెలుసుకోడానికి ఆమె తెల్లారకముందే లేచి టీ గ్లాసుతో నా పక్కన కూర్చునేది. ఫోను లోపలే ఉండిపోయేది. పిట్టలు వాలడానికి ఒక ఎండుకొమ్మ తెచ్చి గోడ బయటికి పొడుచుకొచ్చేలా కట్టింది. పికిలిపిట్టలకి పళ్లంటే ప్రాణమని కనిపెట్టింది. నేరేడు పళ్ల కాలం వచ్చిందంటే ఆమెకి పండగే. ఊదారంగు మరక ఒక పట్టాన పోదు. కూత విని పిట్టను చెప్పగలిగేది, గాలి తడి చూసి వాన చెప్పగలిగేది. అంతా కారు కోసమే.

"నడుం నొప్పి మాటే ఎత్తడం లేదేమే?" అని శేషగిరి అడిగాడు.

"తీరికేదండీ" అంది ఆమె, పిట్టల మీంచి చూపు తిప్పకుండానే.

గోవర్ధనరావు పైకి వచ్చాడు. "హైమావతి గారూ, ఆ గిన్నె కొంచెం లోపలికి పెట్టుకోండి."

"ఎండలు మండిపోతున్నాయండీ. పిట్టలకి నీళ్లు పెడితే పుణ్యం."

"కారు చూశారా?"

"పిట్టలే కదండీ" అందామె.

ఆయన కారుకి ముసుగు తొడిగించాడు. ముసుగుని రోజూ ఉతికించలేక విసిగిపోయాడు. చివరికి మీటింగు పెట్టి అన్ని బాల్కనీలకీ వలలు బిగించాలని తీర్మానం చేయించాడు. చెయ్యెత్తనిది హైమావతి ఒక్కతే. శేషగిరి కూడా ఎత్తేశాడు, పక్కింటాయన చూస్తున్నాడని.

వల బిగించేవాళ్లు వచ్చిన ఉదయం నా అంచు మీద ఒక పికిలిపిట్ట కూర్చుని నీళ్లు తాగుతోంది. నిచ్చెన చప్పుడుకి ఎగిరిపోయింది. కారు ఆ రోజే కడిగించినట్టుంది, ముసుగు లేదు, మెరిసిపోతోంది. గోవర్ధనరావు దూరంగా గేటు దగ్గర నిలబడి పనివాళ్లకి చెయ్యి ఊపుతున్నాడు.

"అమ్మా, ఆ రాయి తీసేయండమ్మా, తాడు కట్టాలి" అన్నాడు పనివాడు.

హైమావతి నన్ను రెండు చేతులా ఎత్తింది. కిందికి చూసింది. కారు దగ్గర మనుషులెవరూ లేరు. మళ్లీ ఒకసారి చూసుకుంది. నాకు కాళ్లూ చేతులూ లేవు, నోరు లేదు, ఉన్నదల్లా బరువు. కొండలోంచి తెచ్చుకున్న బరువు. ఒక్కసారి వాడుకోనివ్వమని ఆమె వేళ్లని మనసులోనే బతిమాలాను.

వదిలింది.

ముందు అద్దం పగిలింది. బానెట్ లోపలికి కుంగింది. అక్కణ్ణించి నేల మీద పడి నేనూ పగిలాను. అంత హాయి నాకు పొయ్యి మీద కూడా ఎప్పుడూ తెలియదు.

గోవర్ధనరావు పరిగెత్తుకొచ్చి తలెత్తాడు. శేషగిరి బాల్కనీలోకి వచ్చి కంగారుగా, "చెయ్యి జారిందండీ, ఒంట్లో బాగాలేని మనిషి" అన్నాడు.

"జారలేదండీ" అంది హైమావతి, కిందికి వినబడేలా. "నేనే వదిలాను."

అద్దం, బానెట్ ఆవిడే బాగు చేయించి ఇచ్చింది. క్షమించమని మాత్రం అడగలేదు. వల బిగించనే బిగించారు. కాపలా అతను నా ముక్కలు రెండూ తీసుకెళ్లి భవనం వెనక విరిగిన టైల్సు, ఇటుక ముక్కలు పారేసే చోట పడేశాడు. పెద్ద ముక్క వెల్లకిలా పడింది. వాన పడితే దాన్లో నీళ్లు నిలుస్తాయి. పిట్టలు ఆ నీళ్లు వెతుక్కుంటూ వచ్చాయి.

పిట్టల వెనకాల హైమావతి వచ్చింది. రోజూ పొద్దున్నే మెట్లు దిగి, చెప్పులు ఒక పక్కన విడిచి, ఇటుకల కుప్ప మీద కూర్చుంటుంది. మట్టిలో కాళ్లు పెట్టుకుని నూకలు చల్లుతుంది. గోవర్ధనరావు వాళ్ల వంటింటి కిటికీ ఇటువైపే. ఆమె కనబడగానే ఆయన కిటికీ మూసేస్తాడు. వాళ్లిద్దరికీ ఇప్పటికీ మాటల్లేవు.

మొన్న శేషగిరి కూడా టీ గ్లాసు పట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు. గోరింకలు గోడ మీద బారుగా వాలి ఉన్నాయి. వాటి కింద ఒట్టి నేల.

"ఇక్కడ ప్రశాంతంగా ఉందే" అన్నాడు. "పిట్టలు వాటి మానాన అవి ఉన్నాయి. కింద ఎవరి కారూ లేదు."

"అవునండీ" అంది హైమావతి. ఇంకో గుప్పెడు నూకలు చల్లి నిట్టూర్చింది. "అదొక్కటే లోటు."