తిరకాసు పట్టు

బేస్ మేష్టారు మూడంతస్తులు ఎక్కి, ఆ తలుపు ముందు పది నిమిషాలు నిలబడ్డారు. గంట నొక్కడానికి ముఖం చెల్లలేదు. చెల్లదు మరి! లోపల ఉన్నది ఆయన ఒకప్పటి శిష్యురాలు. ఆమెకు 'తిరకాసు' అని పేరు పెట్టింది కూడా ఈ మహానుభావుడే.

పెద్ద వయొలిన్‌లా ఉండే నిలువెత్తు డబుల్ బేస్‌ను ముప్పై ఏళ్ళుగా వాయిస్తున్న మనిషి ఆయన. కమానును పైనుంచి, అరచెయ్యి బోర్లించి పట్టుకుంటారు. దాన్ని ఫ్రెంచ్ పట్టు అంటారు. ఈ పిల్ల పద్నాలుగేళ్ళప్పుడు తాతగారి కమాను తెచ్చుకుని, కిందనుంచి పట్టుకుంది. అది జర్మన్ పట్టు. తప్పేమీ కాదు, ఎంతోమంది అలాగే వాయిస్తారు. అయినా మేష్టారికి ఒళ్ళు మండింది. "ఇదేమన్నా రంపమా? నీదంతా తిరకాసే!" అని అందరి ముందూ కమాను లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశారు. పిల్ల మర్నాటి నుంచి రాలేదు. ఆయన కమాను తిరిగి పంపనూ లేదు. పదకొండేళ్ళు గడిచిపోయాయి.

ఇప్పుడేమో మేష్టారి బొటనవేలు మొరాయించింది. పాత పట్టు పడితే కీలు దగ్గర ప్రాణం పోతోంది. డాక్టరు ఆ పట్టు మానెయ్యమన్నారు. నాలుగు వారాల్లో ఆర్కెస్ట్రా వాళ్ళ ముందు మళ్ళీ పరీక్ష. వాయించలేకపోతే ఆయన కుర్చీ ఇంకొకరిది. ఊళ్ళో జర్మన్ పట్టు నేర్పేది ఒక్క మనిషే. ఎవరో వేరే చెప్పాలా?

తలుపు దానంతటదే తెరుచుకుంది.

"రండి మేష్టారూ. మెట్ల మీద మీ దగ్గు వినబడి చాలాసేపైంది."

ఆయన చేతిలో ఉన్నది ముందుకు చాపారు. "నీ కమాను. బీరువాలో పురుగులు దాని గుర్రపు వెంట్రుకలన్నీ తినేశాయమ్మా. కొత్తవి కట్టించాను." బొటనవేలి సంగతీ, పరీక్ష సంగతీ కూడా చెప్పేశారు.

తాతగారు చుట్టిన ఎర్రదారం ఇంకా అలాగే ఉంది. ఆమె దాన్ని ఒకసారి తడిమి చూసి, తన బేస్ తెచ్చి ఆయన ముందు నిలబెట్టింది.

"దాని మీద మీరు వాలకండి, అదే మీకు ఆనుకోవాలి. మోకాళ్ళు బిగించకండి. భుజం దించండి."

"దించాను."

"అదా దించడం? చెవి దాకా ఉంది!"

మేష్టారికి నవ్వొచ్చింది. ఆ మాట ఆయనదే, అక్షరం పొల్లుపోలేదు.

"కుడిచెయ్యి ఇవ్వండి. చెయ్యి కలిపేటప్పుడు ఇస్తామే, అలాగ."

ఇచ్చారు. వాచిన బొటనవేలు నొక్కుకోకుండా ఆమె పట్టుకుంది.

"ఆ రోజు తప్పు నాదేనమ్మా. నాకు రానిది నువ్వు చేస్తుంటే ఓర్వలేకపోయాను."

"వారం రోజులు ఏడ్చాను మేష్టారూ," అందామె. మెల్లగా తన చెయ్యి తీసేసి, ఆ ఖాళీలో కమాను పెట్టింది. "కదపకండి. ఇదే పట్టు."

మొదటిసారి తలుపు కీచుమన్నట్టు మోగింది. పదోసారికి కూడా అంతే. ఎన్నోసారికో గాని, కాళ్ళ కింద చెక్కనేల గుమ్మని పలికింది. వేలు నొప్పెట్టలేదు. ఆయన కళ్ళు తుడుచుకున్నారు, తుడుచుకున్నట్టు కనబడకుండా.

వెళ్ళబోతూ కమాను బల్ల మీద పెట్టారు. "నీది నీ దగ్గరుండాలి. ఈ పట్టుకి పనికొచ్చేది నేను ఇంకోటి వెతుక్కుంటాను."

ఆమె దాన్ని మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టింది.

"పరీక్ష అయ్యాక తెచ్చివ్వండి. పదకొండేళ్ళు ఆగినదాన్ని, నాలుగు వారాలు ఆగలేనా? రేపు ఇదే వేళకి రండి. బయట నిలబడకండి."