సీటు కొలత

చెన్నకేశవ చొక్కాలు ఉతకడం నయనకు ఎన్నడూ కష్టం కాలేదు. మూడేళ్లుగా ఇంటి వెనకాల పాత కారు బాగుచేస్తున్న మనిషే, అయినా చొక్కా మీద ఒక్క గ్రీజు మరక ఉండదు. కాలరుకు కాస్త చెమట, జేబులో అంగడి రాగుల దుమ్ము, అంతే. మరకలన్నీ నయన నైటీలవి. ఆ శనివారం పొద్దున కూడా ఆమె నైటీని బండకేసి రుద్దుతూ ఉంటే, తీగ మీద ఆరేసిన ఆరు తెల్లచొక్కాలు గాలికి చేతులూపుతూ, కష్టమంతా మాదే అన్నట్టు పొంగిపోతున్నాయి.

కారు మోరిస్ మైనర్. బంగారు గనులు నడిచే రోజుల్లో ఎవరో ఆఫీసరు కొన్నది. గనులు మూతపడ్డాక ఒక షెడ్డులో కోళ్లు గుడ్లు పెట్టుకోవడానికి మిగిలింది. రాబర్ట్‌సన్‌పేట బజారులో ధాన్యం అంగడి నడిపే చెన్నకేశవ దాన్ని లారీ మీద తెచ్చి, ఇంటి వెనక గోడౌనులో పాత బస్తాలు ఖాళీ చేయించి పెట్టించాడు. 'చేయించి' అన్న మాటలో ఆ బస్తాలు మోసిన చేతులు కనపడవు. మొదటి ఆదివారం ఇంజను విప్పాడు. రెండో ఆదివారం విప్పిన ఇంజను పక్కన నిలబడి ఫొటో దిగాడు. మూడో ఆదివారం అంగట్లో రాగుల లోడు దిగింది. నట్లూ బోల్టులూ నేలమీద చెల్లాచెదరుగా పడి ఉంటే చూస్తూ వదల్లేక, నయన వాటిని ఏరి ఊరగాయ జాడీల్లో వేసి, ఏది ఎక్కడిదో చీటీ రాసి అంటించింది. ఇల్లన్నాక ఎవరో ఒకరు సర్దాలి కదా. ఆమె కారును బాగుచేయాలని మొదలుపెట్టలేదు, సర్దాలని మొదలుపెట్టింది. సర్దుతూ సర్దుతూ ఉంటే మూడేళ్లకు అది కారైంది.

గని వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు ఫిట్టరు పని చేసి రిటైరైన శ్రీనివాసమూర్తి వారానికి రెండు సార్లు వచ్చి, స్టూలు మీద కూర్చుని కాఫీ తాగుతూ, "ఆడ కాదమ్మా, పైన ఉండాది చూడు" అని నోటితో పని నేర్పాడు. ఆయన మోకాళ్లు వంగవు. కాబట్టి వంగింది నయనే. డిగ్రీలో చదివిన ఫిజిక్సు ఇరవై రెండేళ్ల తర్వాత మొదటిసారి పనికొచ్చింది. కార్బరేటరు కుదిరిందో లేదో పొగ వాసన చూసి చెప్పగలిగినప్పుడు ఆయనే ఆశ్చర్యపోయాడు. ఇన్నేళ్లు ఇంటిల్లిపాదికీ పోపు మాడకుండా చూసుకున్న ముక్కు, పెట్రోలు ఎక్కువైందని చెప్పలేదా? ఇక చెన్నకేశవ వచ్చే ఆదివారాల్లో గోడౌనులో ఒకే మాట వినపడేది: పట్టుకో. టార్చి పట్టుకో, జాకీ పట్టుకో, ఫోను పట్టుకొని ఒక ఫొటో తియ్యి. ఆ ఫొటోలు 'నా మూడేళ్ల తపస్సు' అన్న మాటతో ఊరంతా తిరిగాయి. ఫొటో తీసిన చెయ్యి ఫొటోలో పడదు కదా. బంధువులు మాత్రం ధర్మం తప్పలేదు. "నయన కూడా సాయం చేస్తాదంట" అన్నారు. సాయం చాలా మెత్తటి మాట. దాని మీద ఎంత బరువైనా పెట్టవచ్చు, కిందున్నది ఎవరో కనపడదు.

ఆ శనివారం ఇడ్లీ తుంచుతూ చెన్నకేశవ ప్రకటించాడు.

"రేపు పాతకార్ల క్లబ్బోళ్లు పదిమంది వస్తారు. బండి బయటికి తీసేది రేపే. నేను తోల్తాను. అమ్మ ముందర, ఎనక క్లబ్బు అంబరీష్, ఇంగొకరు. నువ్వు వంట చూసుకో. పలావు, పూరీ, ఇంగ పాయసం ఏదైనా."

"మొదటి రౌండు నేను తోల్తానండి" అంది నయన.

వారం రోజులుగా లోపల తిప్పుకుంటున్న మాట. తీరా బయటికి వచ్చేసరికి ఉప్పు కావాలా అని అడిగినట్టుగా వచ్చింది. చెన్నకేశవ ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత నవ్వాడు. కోపంగా కాదు, ముద్దుగా. అదే ఆమెకు మింగుడుపడలేదు.

"నువ్వా? గేరు యాడుండాదో తెలుసునా నీకు?"

ఆ గేరుపెట్టెను ఆమె ఆషాఢంలో విప్పి శ్రావణంలో బిగించింది. అంగడి వ్యాను డ్రైవరు రాని రోజుల్లో బంగారుపేట దాకా లోడు తోలిందీ ఆమే. అప్పుడు దాన్ని డ్రైవింగ్ అనలేదు, అర్జెంటు అన్నారు. మూలన కూర్చుని అనపగింజలు ఒలుస్తున్న అత్త అంబుజమ్మ తలెత్తకుండానే, "చిన్నప్పుడు గోడ గడియారం విప్పినాడు. ఇంగా సంచిలోనే ఉండాది" అంది. ఎవరితో అన్నదో తెలియలేదు. చెన్నకేశవ చెయ్యి కడుక్కుని అంగడికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం గిన్నెలు తోమాక నయన గోడౌనులోకి వెళ్లింది. నిజానికి ఆమెకు అక్కడ ఒక పని మిగిలి ఉంది. డ్రైవరు సీటును ముందుకూ వెనక్కూ జరిపే పట్టాలు తుప్పుకు పొడైపోతే, సీటును నేరుగా కారు అడుగుకు నాలుగు బోల్టులతో బిగించాల్సి వచ్చింది. రెగ్జిను కుట్టడం ఆడోళ్ల పని కాబట్టి సీట్ల బాధ్యత మొత్తం ఆమెకే వచ్చింది. "ఎవరి కొలతకు పెట్టేదండి?" అని అప్పుడు అడిగింది కూడా. "కొలతేంది, సీటు సీటే" అన్నాడు ఫోనులోంచి తలెత్తకుండా. ఆయన అంగడికి పోయాక, కొలతకు ఇంకెవరూ లేక, తనే కూర్చుని, కాలు క్లచ్చుకు అందేట్టు చూసుకుని, సుద్దముక్కతో గుర్తు పెట్టి రంధ్రాలు వేయించింది. అందులో ఏ దురుద్దేశమూ లేదు. ఆయన ఆరడుగుల మనిషి, తను ఐదడుగులకు అంగుళం తక్కువ. బండి బయటికి తీసే ముందు జరుపుదాంలే అనుకుంది.

ఇప్పుడు జరపడానికే వచ్చింది. వెనక వేరే రంధ్రాలు కూడా వేయించి పెట్టుకుంది. గోనెపట్టా పరిచి కారు కింద పడుకుని, మొదటి బోల్టుకు స్పానరు తగిలించింది. నయన జీవితంలో ఇలాంటి బోల్టులు చాలా ఉన్నాయి. మంచం ఎటు వేయాలి, ఫ్యాను ఎంత తిరగాలి, కూరలో కారం ఎంత, టీవీ గొంతు ఎంత, అన్నీ ఎవరో ఒకరి కొలతకు ఆమే చేత్తో జరిపింది. జరిపాక ఆ చోటే ఆ వస్తువు పుట్టినచోటు అన్నట్టు అందరూ హాయిగా కూర్చున్నారు. స్పానరు బోల్టుకు పట్టింది. ఒక్క గుంజు గుంజితే ఊడుతుంది. అయిదు నిమిషాలు అలాగే పైకి చూస్తూ పడుకుంది. ఎంత చక్కగా ఉంది కారు పొట్ట, ఒక్క చుక్క నూనె కారడం లేదు. తర్వాత స్పానరు తీసేసి, పక్కకు దొర్లి బయటికి వచ్చి, పాయసానికి సేమ్యా ఉందో లేదో చూడ్డానికి వంటింట్లోకి వెళ్లింది.

ఆదివారం తొమ్మిదికల్లా క్లబ్బు వాళ్లు వచ్చేశారు. అంగడి కూలీలు తోసుకొచ్చి పెట్టిన పాలమీగడ రంగు బండి వాకిట్లో మెరుస్తోంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అంబుజమ్మ కొత్త చీరలో, ఒళ్లో చేతిసంచి పెట్టుకుని, ముందు సీట్లో ఎప్పుడో కూర్చుంది. చెన్నకేశవ పట్టుపంచె, తెల్లచొక్కాతో తలుపు తీసి, నడుము వంచి, ఒక కాలు లోపల పెట్టాడు. రెండో కాలు పెట్టడానికి చోటు లేకపోయింది. ఎలాగో దూర్చాడు. మోకాళ్లు స్టీరింగుకు అటొకటి ఇటొకటి వచ్చి, క్లచ్చు మీదికి కాలు లేవలేదు.

"ఏం కేశవా, బండి నువ్వు ఎక్కినావా, నిన్ను బండి ఎక్కిందా?" అన్నాడు అంబరీష్. పదిమందీ నవ్వారు.

"నయనా, ఈ సీటు ఎవురి కొలతకు పెట్టినావు?"

"మీరు అంగట్లో ఉంటిరి. కొలత తీసుకోను ఇంట్లో నాకు నేనే దొరికినానండి."

"ఎనక్కి జరుపు మరి."

"నాలుగు బోల్టులే. కింద నుంచి తియ్యల్ల. మీరు పడుకోండి, నేను టార్చి పట్టుకుంటాను."

చెన్నకేశవ తన పంచె వంక చూసుకున్నాడు. నేల వంక చూశాడు. పదిమంది వంక చూశాడు. మూడేళ్ల తపస్సు చేసిన మనిషికి ఆ బోల్టులు ఎక్కడున్నాయో తెలియదన్న సంగతి ఆ క్షణాన వాకిట్లో ఇద్దరికే తెలుసు. నయన బయటపెట్టలేదు. ఆమెకు ఆయన పరువు అక్కర్లేదు, సీటు కావాలి.

"యాడన్నా చెప్పులు పట్టకుంటే కాళ్లు నరుక్కుంటారా" అంది లోపలినుంచి అంబుజమ్మ. "దిగు నాయనా. ఎవురికి సరిపోతే వాళ్లు తోల్తారు. నాకు ఎండ కొడతా ఉండాది. రామ్మా నయనా."

చెన్నకేశవ దిగాడు. ఎక్కడం కన్నా దిగడం కష్టమైంది. "సర్కిల్ దాకా పోయి వచ్చెయ్" అన్నాడు గొంతు తగ్గించి. "పూరీలు కాల్చల్ల."

"పిండి కలిపి పెట్టినాను" అంది నయన, కూర్చుంటూ.

మీట లాగగానే ఇంజను అందుకుంది. నిమ్మకాయలు చితికాయి. అంబరీష్ వెనక ఎక్కేలోపే బండి వీధిలోకి వచ్చింది. కూరగాయల బండి దగ్గర ఆడవాళ్లు బేరం ఆపి చూశారు. మొదటి గేరు, రెండో గేరు, మూడో గేరు. ఏదీ కిర్రుమనలేదు. గోడౌనులో మూడు నెలలుగా ఎనిమిది అడుగులు ముందుకు, ఎనిమిది అడుగులు వెనక్కి తోలిన బండికి ఇంత రోడ్డు ఉందని ఇవాళే తెలిసినట్టుంది. నయన నోరు తెరవలేదు. తెరిస్తే పాడుతుందేమోనని భయం. అంబుజమ్మ కిటికీ అద్దం దించి, తెలిసినవాళ్లు కనపడితే చాలు, పనిగట్టుకుని తల ఆడించింది.

సర్కిల్ వచ్చింది. ఎడమకు తిరిగితే మళ్లీ బజారు, ఇల్లు, కాగాల్సిన నూనె. కుడికి తిరిగితే బేతమంగళ, ఆపైన ముళబాగిలు. ఈ పాతబండ్లకు మలుపులో దీపాలు మిణుకుమనవు. మీట తిప్పితే తలుపు పక్క నుంచి చిన్న చెయ్యి ఒకటి బయటికి లేచి, ఎటు పోతున్నామో చూపిస్తుంది. కుడివైపు చెయ్యి లేచింది.

"ఇల్లు ఎడమ పక్క కదమ్మా?" అంది అంబుజమ్మ.

"ఇల్లు యాడికీ పోదు అత్తా" అంది నయన, గేరు మారుస్తూ. "ముళబాగిలు దోసెలు తిని వద్దాం, పదకొండుకంతా అయిపోతాయి."