రెండుసార్లు వద్దనాలి

శుభవార్త వచ్చేసరికి మహ్‌రుఖ్ నోటినిండా రొట్టె ఉంది. వేడివేడి సంగక్ రొట్టె, ఉప్పటి పనీర్, గుప్పెడు పుదీనా. పొయ్యిలో రొట్టెకు అంటుకున్న గులకరాళ్ళను బర్దియా ఒక్కొక్కటే ఏరి, శుభ్రమైన ముక్కలన్నీ ఆమె పళ్ళెంలోకే తోస్తున్నాడు. పెళ్ళయి నలభై రోజులు. రోజూ పొద్దున ఈ గులకరాళ్ళు ఏరడం చూస్తూ కూర్చోవడమే ఆమెకు పెద్ద పండుగ.

ఫోన్ మోగింది. కంపెనీ పెద్ద తవక్కోలీ గారి మెయిల్. చూపులేనివాళ్ళ కోసం పేజీలు చదివి వినిపించే బ్రౌజర్‌కు వేరే బృందం పెడుతున్నారట. దాన్ని మహ్‌రుఖ్ నడిపించాలట.

ఆమె కేకకు టీ గ్లాసు ఒరిగింది. రెండేళ్ళుగా మంగళవారం మంగళవారం అంధుల సంఘానికి వెళ్ళి, వాళ్ళ పక్కన కూర్చుని, యంత్రం ఎక్కడ తడబడుతోందో రాసుకొచ్చింది ఆమే. ఆ బ్రౌజర్ ఆమె కన్నబిడ్డతో సమానం.

"ఇక నువ్వు ఆఫీసరమ్మవి. ఇంటిపని నుంచి నాకు సెలవు కావాలన్నా నీ సంతకమే," అన్నాడు బర్దియా బల్ల తుడుస్తూ.

"ముందు ఆ మూల తుడువు, తర్వాత చూద్దాం."

అప్పుడామె చేతులు కడుక్కుని, మర్యాద తెలిసిన షిరాజ్ ఊరి పిల్ల ఎలా జవాబు రాయాలో అలాగే రాసింది. 'మీ అభిమానానికి తలవంచుతున్నాను. అంత పెద్ద పనికి నేనెక్కడ తగుతాను? ఆఫీసులో కాషెఫీ గారివంటి అనుభవజ్ఞులు ఉండగా నేను ముందు నడవడం మర్యాద కాదు.'

బర్దియా భుజం మీదుగా చదివాడు. "శుభ్రంగా ఉంది. మధ్యాహ్నానికి ఆయన మళ్ళీ అడుగుతాడు, నువ్వు మళ్ళీ వద్దంటావు. మూడోసారి అడిగేసరికి నేను మిఠాయి దుకాణంలో ఉంటాను."

అందరికీ తెలిసిన దారే అది. మొదటి వద్దు మర్యాదకు, రెండో వద్దు మొహమాటానికి. నిజంగా వద్దనుకున్నవాళ్ళకే మూడోది.

ఆఫీసులో పదకొండయింది, పన్నెండయింది. తవక్కోలీ నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. పన్నెండున్నరకు మిఠాయి పెట్టె వచ్చింది. పట్టుకొచ్చినవాడు కాషెఫీ. మంచి కబురు ఎవరిదైతే పెట్టె వాళ్ళే తేవాలి కాబట్టి, తనను ఆటపట్టించడానికి తెచ్చాడనుకుంది మహ్‌రుఖ్.

"నా వంతు మీరు తెచ్చేశారా కాషెఫీ గారూ? సాయంత్రం నేను తెద్దును కదా."

కాషెఫీ ముఖం పాలిపోయింది. యాభై ఏళ్ళ మనిషి, చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పెట్టె మూత మూశాడు, తెరిచాడు. "మీరు... మీరు వద్దన్నారట కదమ్మా. నా పేరు మీరే చెప్పారట. పొద్దున్నే నాకు ఉత్తరం వచ్చింది."

"మీరేమన్నారు?"

"నేనూ ఒకసారి కాదందామనే అనుకున్నాను. నా తల్లి మీద ఒట్టు. కింద మూడు బటన్లు ఉన్నాయి. 'సంతోషంగా ఒప్పుకుంటున్నాను', 'రేపు మాట్లాడదాం', 'వీలుకాదు'. నేను తగనని చెప్పే బటన్ ఏదీ లేదమ్మా! వీలుకాదంటే ఆయన ముఖం మీద కొట్టినట్టుంటుంది. అందుకని మొదటిది నొక్కాను."

మహ్‌రుఖ్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ బటన్లు ఆమెకు కొత్త కాదు. వచ్చే నెల మెయిల్‌లో విడుదల కాబోయే కొత్త సదుపాయాలను కంపెనీ ముందుగా తన మనుషుల మీదే వదిలింది. ఉత్తరం తెరవకముందే పైన ఆకుపచ్చ పట్టీలో దాని సారాంశం కనిపిస్తుంది. తర్వాత ఏం చెయ్యాలో అదే సిద్ధం చేసి పెడుతుంది. జవాబులు వండి వడ్డిస్తుంది. వీటన్నిటినీ పరీక్షించినవాళ్ళలో ఆమె కూడా ఉంది. 'మనవాళ్ళ మొదటి వద్దును ఇది నిజమైన వద్దుగా తీసుకుంటోంది' అని ఇరవై రోజుల కిందటే రాసింది. 'అరుదుగా జరిగేది' అని ఒక్క ముక్క రాసి దాన్ని మూసేశారు. మూసింది తవక్కోలీయే.

అరుదట! చివరి కబాబ్ ముక్క పళ్ళెంలో చల్లారి రాయైపోయేదాకా ఒకరినొకరు బతిమాలుకునే ఊళ్ళో!

తలుపు తట్టకుండా ఆయన గదిలోకి వెళ్ళింది.

"రండి మహ్‌రుఖ్ ఖానమ్, రండి. మీరు ఒప్పుకోలేదని తెలిసి మనసు ఎంత..."

"నా ఉత్తరం చదివారా?"

"చదవకపోవడమేమిటమ్మా! సారాంశం..."

"ఉత్తరం అడుగుతున్నాను. మూడు వాక్యాలు. టీలో పంచదార కరిగేలోగా అయిపోతుంది."

ఆయన తెర ఆమెవైపు తిప్పాడు. పచ్చని పట్టీ. 'ఒప్పుకోలేదు. కాషెఫీని సూచించారు.' దాని కింద కాషెఫీకి ఉత్తరం ముందే రాసి ఉంది. పక్కన 'సరే' అన్న గడి. ఆయన చేసిన పని ఆ గడి నొక్కడమే.

"నా పెళ్ళికి వచ్చారు కదా మీరు?"

"వచ్చాను. పులావ్ అద్భుతంగా..."

"పులావ్ సంగతి కాదు! పెళ్ళి చేయించే పెద్దాయన నీకిష్టమేనా అని మొదటిసారి అడిగితే నేను మాట్లాడానా? పెళ్ళికూతురు పూలు కోయడానికి వెళ్ళిందన్నారు. రెండోసారి అడిగితే పన్నీరు తేవడానికి వెళ్ళిందన్నారు. మూడోసారికి కదా నేను నోరు విప్పింది! మీ ఆకుపచ్చ పట్టీ ఆ రోజు అక్కడ ఉండుంటే, 'పెళ్ళికూతురు ఇంట్లో లేదు' అని రాసి, బర్దియాను మా చెల్లెలికి కట్టబెట్టి పంపేసేది. మీరు పులావ్ తింటూ 'సరే' నొక్కేవారు."

బయట ఎవరో పొరబోయినట్టు దగ్గారు. తవక్కోలీ చెవులు ఎర్రబడ్డాయి.

"కోపం వద్దమ్మా. మీరు మా తలమీద పువ్వు. ఈ కంపెనీ మీది. నా ఈ కుర్చీ కూడా మీదే."

"అయితే లేవండి."

ఆయన నిజంగానే సగం లేచాడు. లేచాక అర్థమై, మళ్ళీ కూర్చున్నాడు. నవ్వాలో మానాలో తెలియలేదు పాపం. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు.

"ఇంకా అయిపోలేదు లెండి," అన్నాడు గొంతు తగ్గించి. "రేపు పదింటికి బోర్డు ముందు పెట్టి ఖాయం చెయ్యాలి. కానీ కాషెఫీ ఒప్పుకున్నాక ఆయన్ని దిగమనడం బాగుండదు. పైగా ఆయనైతే పని తేలిక. ఈ సారాంశం పట్టీనే చదివి వినిపించే బ్రౌజర్‌లో కూడా పెట్టేద్దామనుకుంటున్నాం. చూపులేనివాళ్ళకు ఉత్తరమంతా వినే శ్రమ ఎందుకు? ముఖ్యమైన ముక్క వింటే చాలదూ?"

మహ్‌రుఖ్‌కు అప్పటిదాకా ఉన్నది తన గురించిన కోపం. అసలు కోపం ఇప్పుడొచ్చింది. అంధుల సంఘంలో పరిచయమైన మునవ్వర్ ఖానమ్ గుర్తొచ్చింది. ఆవిడ మాజీ టీచరు. పదేళ్ళ కిందట చూపు పోయింది. కూతురు తబ్రీజ్ నుంచి వారానికో ఉత్తరం రాస్తుంది. అందులో పిల్లి అల్లరి, పక్కింటివాళ్ళ గొడవ, ఆష్ చారులో ఉప్పెక్కువైన వైనం, అన్నీ ఉంటాయి. ఆవిడ హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక్కో ఉత్తరం నాలుగుసార్లు వింటుంది. ఆ ఉత్తరానికి పచ్చ పట్టీ కడితే ఏమొస్తుంది? 'కూతురు క్షేమం. పనేమీ లేదు.'

"వాళ్ళకు శ్రమ తగ్గించమని మిమ్మల్ని ఎవరు అడిగారు?" అంది. జవాబు కోసం ఆగకుండా బయటికొచ్చేసింది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు ఎఫ్ఫత్ ఖానమ్ వంటింట్లో సబ్జీ ఆకుకూరలు బాగుచేస్తోంది. సంగతంతా విన్నాక మెంతికూర కట్ట కిందపెట్టింది.

"ఇంత చిన్నదానికేనా? రేపు వెళ్ళి ఇంకోసారి వద్దను. గట్టిగా వద్దను. పోగొట్టుకుంటున్నామని వాళ్ళకు గుబులు పుడుతుంది. కాళ్ళబేరానికొస్తారు."

"యంత్రం కాళ్ళబేరానికి రాదత్తయ్యా. ఇంకోసారి వద్దంటే నా పేరు మీద ఇంకో గీత గీస్తుంది, అంతే."

"మరి ఏం చేస్తావే? నాకు కావాలని నోరు తెరిచి అడుగుతావా? ఆడపిల్లవి, కొత్త కోడలివి! రేపు బజారులో నా ముఖం ఏం పెట్టుకుని తిరగను?"

"అమ్మా, నీ ముఖం నువ్వు పెట్టుకో," అన్నాడు బర్దియా. "పోయినసారి డ్రైఫ్రూట్ కొట్టువాడు పిస్తా ఊరికే తీసుకోండి అంటే తీసేసుకున్నావు. ఆ మాట బజారంతా తెలుసు."

"ఒరేయ్! వాడు నాలుగుసార్లు అన్నాడు!"

మహ్‌రుఖ్‌కు పొద్దుటి నుంచి మొదటిసారి పెదవి కదిలింది. భర్త ముఖంకేసి చూసింది. తల్లి ముందు ఎంత ధైర్యం అనిపించింది. మునవ్వర్ ఖానమ్‌కు ఫోన్ చేసింది. రెండు నిమిషాలు మాట్లాడింది. తర్వాత కాషెఫీకి చేసింది.

"కాషెఫీ గారూ, మీ మీద నాకు కోపం లేదు. ఒక్క మాట చెప్పండి. అంధుల సంఘం ఏ వీధిలో ఉందో మీకు తెలుసా?"

"లేదమ్మా," అన్నాడాయన. "రేపు బోర్డు ముందు మీరు ఆ పని అడిగితే, నేను మీకు అడ్డు రాను. మాటిస్తున్నాను."

ఫోన్ పెట్టేసి మహ్‌రుఖ్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"బర్దియా, రేపు తొమ్మిదింటికి కారు బయటికి తియ్యి. దారిలో మునవ్వర్ ఖానమ్‌ను ఎక్కించుకుంటాం. పదింటికి ఆవిడ బోర్డు ముందు కూర్చుంటుంది. కూతురి ఉత్తరాన్ని ముందు పచ్చ పట్టీతో వినిపిస్తాను, తర్వాత మొత్తం వినిపిస్తాను. అయ్యాక లేచి నిలబడి, ఈ పని నాకు కావాలని అడుగుతాను. తగను, అర్హురాలిని కాను, ఏమీ ఉండదు. ఒక్కసారే అడుగుతాను. అత్తయ్యా, మీరూ రండి."