జీతం పడిన కబురు

"నీ జీతం పడింది" అని ప్రతి నెలా నాకు చెప్పేది మా ఆయనే. కోటబొమ్మాళిలో ఓ ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది నేను, గొంతు పోయేలా అరిచేది నేను. బ్యాంకు కబురు మాత్రం ఆయన జేబులో టింగుమంటుంది. ఖాతా తెరిచిన రోజు ఫారం తనే నింపి, ఫోన్ నంబరు గడిలో తన నంబరు రాసుకున్నారు. "నీకెందుకు ఆ గోల" అన్నారు. అది ప్రేమనుకుని మురిసిపోయాను కూడా. నా తెలివి అలా ఏడ్చింది.

నా గోల నాకు వేరే ఉంది. "ఈపూట" అని ఇంటర్నెట్లో ఓ చోటు నడుపుతున్నాను. ఆడవాళ్లం రోజుకో ఫోటో పెట్టి కింద నాలుగు మాటలు రాసుకుంటాం. మొహాలు పెట్టకూడదు. ఆ రోజు చేసిన పనుల్లో ఎవరి కంటా పడనిది ఒకటి పెట్టాలి. బొబ్బిలి నుంచి ఒకావిడ కడిగి బోర్లించిన పదమూడు గ్లాసులు పెట్టింది. కళింగపట్నంలో చేపలమ్ముకునే గున్నమ్మ, ఇసుకలో ఎండేసిన నెత్తళ్ల మీద పడ్డ తన నీడ పెట్టింది. కింద కూతురి చేత రాయించింది: "పొద్దుట్నించి కాకుల్ని తోలతా నిల్సున్నాను. మా ఆయన నేను ఖాళీగా కూకున్నాననుకుంతన్నాడు." ఒకసారి మా అత్తగారు లక్ష్మీనరసమ్మ నా భుజం మీంచి తొంగిచూసి, "అంట్ల బొమ్మలు సూడ్డానికి కూడా మనుషులున్నారేటే" అన్నారు. ఉన్నారత్తయ్యా, నూట నలభై మంది.

ఈ చోటు బతకాలంటే ఏటా డిసెంబరు ఐదు లోపు సర్వరు అద్దె పద్దెనిమిది వేలు కట్టాలి. లేదంటే నాలుగేళ్ల ఫోటోలూ మాటలూ అన్నీ చెరిపేస్తారు. మాలో ఖాతాలున్నవాళ్లదీ నా బతుకే, గంట మోగేది మొగుడి జేబులోనే. అందుకని శ్రావణమాసం వాయనాల దారి పట్టాం. జాకెట్టు ముక్క మడతలో ఒక అయిదువందల నోటు, పైన పసుపు, కుంకం, గుప్పెడు శనగలు. జాకెట్టు ముక్కని ఏ మగాడూ విప్పి చూడడు. చేతులు మారి మారి ముప్పై ఆరు నోట్లు నా దగ్గరకి చేరాయి. గున్నమ్మది మాత్రం నెత్తళ్ల వాసనేసింది. అన్నీ పెట్టె అడుగున దాచాను. డిసెంబరులో మా తమ్ముడికిస్తే తన కార్డు మీద కట్టేస్తాడు, రెండేళ్లుగా అలాగే గడిచిపోతోంది.

ఈ ఏడు నవంబరులో పెద్దనోట్లు రద్దన్నారు. "పాత నోట్లు నాకొద్దక్కా, నావే మార్చుకోలేక చస్తున్నాను" అన్నాడు తమ్ముడు. శ్రావణంలోనే ఇచ్చేసి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. మిగిలింది నా ఖాతాయే. వేస్తే ఆయన జేబులో మోగుతుంది, వెయ్యకపోతే చిత్తుకాగితాలైపోతాయి. వారం రోజులు కుదురు లేదు. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను, నల్లబల్ల మీద కూడికని తీసివేతగా చేశాను. చివరికి బడికి సెలవు పెట్టి, బ్యాంకు ముందు నాలుగు గంటలు నిలబడి వేసేశాను. ఇంటికొచ్చేసరికి ఆయన ఫోన్ పట్టుకుని గుమ్మంలోనే ఉన్నారు.

"ఏటిది కుసుమా? ఇంత డబ్బు ఎక్కడిది నీకు?"

నావి కావు అనబోయి ఆగిపోయాను. కావంటే ఎవరివంటారు. బొబ్బిలావిడ భర్త ఈయనకి తెలిసినవాడే. ఒక్క పేరు నా నోట్లోంచి జారినా, ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒకామె నాలాగే గుమ్మంలో నిలబడాలి.

"నావే. దాచుకున్నాను" అన్నాను.

"దొంగని ఇంట్లో ఎట్టుకుని ఈధి తలుపుకి తాళాలేత్తన్నాం" అన్నారు అత్తగారు.

"పోనీలేమ్మా" అన్నారాయన, క్షమించేసినట్టు. "మంచికే బయటపడింది. ఫ్రిజ్జు మార్చేద్దాం." దొంగ అన్న మాట కన్నా ఈ దయే నన్ను ఎక్కువ మండించింది. సర్వరు అద్దె కట్టాలి, మీ ఫోనుకొచ్చే ఓటీపీ చెప్పండి చాలు అన్నాను. నవ్వారు. "అంట్ల ఫోటోలకి పద్దెనిమిది వేలా? అంత ఖాళీగా ఉంటే సాయంత్రం నాలుగు బజ్జీలెయ్యి." వేశాను కూడా. అంత మంటలోనూ చేతులు వాటంతటవే పిండి కలిపేశాయి. ఆ రాత్రి నా చేతుల్ని చూస్తేనే నాకు అసహ్యం వేసింది.

ఆదివారం గున్నమ్మ చేపల తట్టతో వచ్చింది. పెరట్లో జరిగిందంతా చెప్పాను.

"మా పేర్లు సెప్పీసినావా అమ్మా?"

"లేదు."

తట్ట దించుకుంది. "జీతం నీది. బేంకు పుస్తకం నీ పేరునే ఉన్నాది. మరి గంట ఆయన జేబులో ఎందుకు మోగతాది?" దెప్పిపొడవలేదు, నిజంగా తెలియకే అడిగింది.

సోమవారం మళ్లీ అదే వరసలో నిలబడ్డాను. "ఈ రద్దీలో నంబరు మార్పేంటమ్మా? మీ వారిని తీసుకురండి" అన్నాడు గుమస్తా తలెత్తకుండానే.

"ఖాతా ఎవరి పేరు మీదుందో చూడండి" అన్నాను. వెనకవాళ్లు విసుక్కున్నారు. విసుక్కుంటే విసుక్కోనీ, కిటికీ దగ్గర్నించి కదల్లేదు. అతను చూశాడు, ఫారం నావైపు తోశాడు. గడిలో రాయబోతే నా నంబరు నాకే గుర్తు రాలేదు. ఫోన్ తీసి చూసుకుని రాశాను.

గురువారం బడిలో, రెండు పీరియడ్ల మధ్య, ఓటీపీ ఆరంకెలు నా అరచేతిలోకి వచ్చాయి. అద్దె కట్టేశాను. సాయంత్రం ముప్పై ఆరు జాకెట్టు ముక్కలూ ఉతికి దండెం మీద ఆరేసి ఫోటో పెట్టాను. కింద ఏమీ రాయలేదు.

డిసెంబరు ఒకటో తారీకు. ఆయన టిఫిను ముందు కూర్చుని ఫోన్ తిప్పి తిప్పి చూస్తున్నారు.

"ఏటి కుసుమా, నీ జీతం ఇంకా పడ్లేదేటి?"

"పొద్దున్నే పడింది" అన్నాను, అట్టు తిరగేస్తూ.