వాలిన స్టిక్కరు

తమ్ముడి టాక్సీలో మిగిలిందల్లా ఇనుమే. బూడిదలో దొరికిన చార్జరు సగం కరిగిపోయింది కానీ, భద్రతా ముద్ర వేసిన స్టిక్కరు మాత్రం కాస్త పక్కకు వాలి అలాగే ఉంది. అది ఎవరు అంటించిందో అక్కకు చూడగానే తెలిసిపోయింది. ఆమె పనిచేసే చార్జర్ల కంపెనీలో స్టిక్కర్లు అంటించేవాళ్లలో ఎడమచేతి వాటం ఆమె ఒక్కదానికే. ఆమె అంటిస్తేనే అలా వాలుతుంది.

"ఫోను చార్జింగు పెట్టానక్కా, అంతే" అన్నాడు ఆస్పత్రిలో తమ్ముడు. అవే ఆఖరి మాటలు.

"వాడెక్కడో నకిలీది కొనుంటాడు" అని మేనేజరు చేతులు దులుపుకున్నాడు. చచ్చినవాడి మీదే నేరం మోపాడు, సిగ్గు లేకుండా.

అక్క ఆ చార్జరు తెచ్చి క్యాంటీన్ బల్ల మీద పెట్టింది. "ఇది మనదే. నేను అంటించిందే."

రూలు ప్రకారం లోపల ఫ్యూజు ఉండాలి. ఎక్కువ కరెంటు వస్తే అది కాలి, మనిషిని కాపాడుతుంది. కంపెనీ ఆ చోట తీగముక్క పెట్టిస్తోంది. తనిఖీకి మాత్రం ఫ్యూజులు వేసిన సరుకు వేరే ట్రేలో ముస్తాబు చేస్తారు. దాన్ని అందరూ పెళ్లికూతురి ట్రే అంటారు.

"ఆ తీగకు టంకం పెట్టింది నా చేతులేగా" అంది పక్క బల్ల పిన్ని, తల దించుకుని.

"నోరు మూసుకుంటే పూట గడుస్తుంది" అన్నాడు ప్యాకింగు మామ.

"గడుస్తుంది మామా. నీ అల్లుడు కూడా కారే తోలతాడుగా?"

మామ అన్నం కలపడం ఆపేశాడు.

తనిఖీ రోజున పనివాళ్లంతా కలిసి పెళ్లికూతురి ట్రేలో రోజువారీ సరుకే పెట్టారు. అధికారి ఒకటి విప్పాడు. తీగముక్క. మేనేజరు ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. అధికారి గొంతు సవరించుకుని, మూత మళ్లీ బిగించి, "సరుకు బాగుంది" అన్నాడు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టుంది ఈ తనిఖీ.

అక్క కాలిన చార్జరు అతని ముందు పెట్టింది. "ఇది కూడా బాగుందా సారూ?"

సాయంత్రంలోపే పోలీసులొచ్చారు. సరుకు పాడుచేసిందని అక్క మీద కేసు. వాళ్ల వెంట వెళ్తూ వెళ్తూ స్టిక్కర్ల చుట్ట పిన్ని చేతిలో పెట్టింది. "నా తమ్ముడు నకిలీది కొనలేదు. అది మర్చిపోకండే."

బెల్టు మళ్లీ తిరిగింది. స్టిక్కరు లేని చార్జర్లు వరసగా వచ్చి కింద పడుతున్నాయి. పిన్ని చుట్టను బల్ల మీద పెట్టి చేతులు కట్టుకుంది. పక్కామె కూడా. ఆ వరసంతా అంతే.

చివరికి మేనేజరే కూర్చుని స్టిక్కర్లు అంటించాడు, తిన్నగా, ఒక్కటీ వాలకుండా. అంటించినవి పట్టుకుని ప్యాకింగు దగ్గరికొచ్చాడు.

మామ పెట్టె మూత మూసి, దాని మీద కూర్చున్నాడు.